కోత ఎక్కడ పడాలి?

సూరత్ చీర నిండు పొడవు సాధారణంగా 6.30 మీటర్లు. అందులో 5.50 మీటర్లు చీర, మిగిలిన 80 సెంటీమీటర్లు జాకెట్టు ముక్క. రింగ్ రోడ్డు మార్కెట్లలో ఏ కొట్లో అడిగినా ఈ లెక్క నోటికి చెబుతారు. జాకార్డ్ చీరయితే కొంగు ఎక్కడ మొదలవ్వాలో, జాకెట్టు ముక్క ఎక్కడ విడిపోవాలో మగ్గం మీదే తేలిపోతుంది. ప్రింటు చీరయితే ఆ హద్దు అచ్చులోనే ఉంటుంది. కత్తెర పట్టినవాడు తల పట్టుకోవాల్సిన పని లేదు. అదే ఇంకా రంగు వేయని సాదా గ్రే బట్ట మరమగ్గం మీంచి పెద్ద తాకాగా, అంటే తానుగా, దిగుతుంది. దాన్ని ఎక్కడ కోసినా బట్టే. ఎక్కడ కోసినా చీర మాత్రం కాదు.

ఆన్‌లైన్ కోర్సుల్లో చాలావరకు ఇలాంటి తాకాలే. మాస్టారు గంటన్నర మాట్లాడతారు. ఆ రికార్డింగును ఆరు ముక్కలు చేస్తారు. ముక్కకో నంబరు, మూడు ముక్కలకో ‘మాడ్యూల్’ అన్న పేరు. కోర్సు తయారయిందని ఫీజు పెడతారు. చూసేవాడికి మూడో ముక్క సగం వాక్యంలో మొదలవుతుంది. అయిదో ముక్కలో మాస్టారు ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతుంటారు. ఆ ప్రశ్నేమిటో నాలుగో ముక్క చివర కత్తెరకు పోయింది.

ఈ మాట సూరత్ నుంచి రాయడానికి కారణముంది. లింబాయత్, గోడాదరా, డిండోలి వైపు వెళ్తే తెలుగు వినపడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి సాంచల పనికి తరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఎక్కువ. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు, సూరత్‌లోనూ అదే మాట. సూరత్ నగరపాలక సంస్థ తరఫున నగర్ ప్రాథమిక్ శిక్షణ్ సమితి నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌లతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది.

సాంచల షిఫ్టు పన్నెండు గంటలు. ఆ చప్పుడులో అంతసేపు నిలబడి ఇంటికొచ్చిన మనిషికి బడి అన్నా, పుస్తకం అన్నా చేతిలో ఉన్న ఫోనే. ఇంట్లో ఆడవాళ్లు చీరలకు దారాలు కత్తిరించడం, లేసులు కుట్టడం, రాళ్లు అతికించడం లాంటి పని తెచ్చుకుని చేస్తారు. మంచి ఫోను ఒక్కటే ఉన్న ఇంట్లో అది షిఫ్టుతో పాటు బయటికి పోతుంది, షిఫ్టుతో పాటు ఇంటికొస్తుంది. అలాంటి ఇంట్లో నలభై నిమిషాల వీడియోకు చోటు లేదు. రెండు పనుల మధ్య దొరికే సందులో పట్టేదే పాఠం.

రెండు రాష్ట్రాల మధ్య ఒక పిల్లాడు

2020లో కరోనాకు బడులు మూతపడినప్పుడు, పాఠం మనిషి బతుకులో పట్టకపోవడమనే ఈ సంగతి పిల్లల విషయంలో కొట్టొచ్చినట్టు కనిపించింది. గుజరాత్‌లో డీడీ గిర్నార్ పాఠాలు మొదలుపెట్టింది. అది గుజరాతీ చానెల్. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి డీడీ యాదగిరి, టీశాట్‌లలో తెలుగు పాఠాలు వచ్చాయి. అవి తెలంగాణ పాఠ్యపుస్తకాల వరుసలో నడిచాయి. ఇప్పుడు లింబాయత్‌లో తెలుగు మాధ్యమం చదివే పిల్లాడిని ఊహించుకోండి. తన రాష్ట్రంలో వచ్చే పాఠం తన భాషలో లేదు, తన భాషలో వచ్చే పాఠం తన బడిది కాదు.

టీవీ పాఠం తేదీ ప్రకారం వస్తుంది, తేదీతో పాటే పోతుంది. యూట్యూబ్‌లో దాచిపెట్టినా ‘ఆరో తరగతి, గణితం, ఫలానా తేదీ’ అని పేరు పెడితే ఆ పుస్తకం చేతిలో ఉన్నవాడికే అది దొరుకుతుంది. అదే పాఠాన్ని ‘హారాలు వేరైన భిన్నాలను కూడటం’ అని ఒక్క విషయంగా విడదీసి, ఆ పేరుతోనే పెడితే? భిన్నాల కూడికకు రాష్ట్రం లేదు. సిరిసిల్ల పిల్లాడికి పనికొచ్చినట్టే సూరత్ పిల్లాడికీ పనికొస్తుంది. పాఠాన్ని ఎక్కడ కోశాం, దానికి ఏ పేరు పెట్టాం అన్నదాన్ని బట్టి అది ఎంతమందికి చేరుతుందో తేలుతుంది. దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ముద్రించి వీడియోను పుస్తకంలో పేజీకి ముడివేసింది. మంచి పనే. కానీ ఆ ముడి ఆ పుస్తకం ఉన్నవాడి చేతికే అందుతుంది.

నిమిషాల లెక్క ఎవరు వేశారు?

వీడియో పాఠం ఎంతసేపుండాలి? ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు పాఠాలు పంపారు. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇస్రో తరఫున పనంతా నడిచింది అహ్మదాబాద్ నుంచి. పొద్దున బడి పిల్లలకు గంటన్నర ఇచ్చి హిందీ, తెలుగు, కన్నడ, ఒడియా భాషలు నాలుగింటికీ పంచారు. భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు పడ్డాయి. అంటే ఆ పాఠం పొడవును పిల్లాడి బుర్ర కొలిచి పెట్టలేదు. ఆకాశంలో దొరికిన వేళను నలుగురూ పంచుకోగా వచ్చిన వాటా అది.

ఆ తర్వాత కూడా అదే కథ. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే వీడియో కోర్సుల పథకం మొదలుపెట్టినప్పుడు కోర్సుకు నలభై ఉపన్యాసాలు, ఉపన్యాసం గంట. ఎందుకంటే కాలేజీలో పీరియడు గంట కాబట్టి. అమెరికాలో సల్మాన్ ఖాన్ (సినిమా ఆయన కాదు) 2004లో తన కజిన్ నాదియాకు దూరం నుంచే లెక్కలు చెప్పడం మొదలుపెట్టి, 2006లో ఆ పాఠాలను యూట్యూబ్‌లో పెట్టాడు. అవి పది నిమిషాల లోపే ఉండేవి. అప్పట్లో యూట్యూబ్ అంతకు మించి పెట్టనిచ్చేది కాదు. ఆ హద్దు ఆయనకు కలిసొచ్చింది. లోకమంతా దాన్ని బోధనా పద్ధతి అనుకుంది.

ప్రేక్షకుడి వైపు నుంచి ఈ లెక్క వేసినవాళ్లలో పరిశోధకుడు ఫిలిప్ గువో పేరు చెప్పుకోవాలి. ఆయన, సహచరులు ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని నాలుగు కోర్సుల్లో వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి నిలిచి చూసేది ఆరు నిమిషాలకు మించడం లేదని తేలింది. ఆ ఆరు నిమిషాల మాట అందరి నోటా పడింది. కోర్సులు తయారుచేసేవాళ్లు దాన్ని శాసనంలా పాటిస్తున్నారు. కానీ అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. తరగతి గదిలో తీసిన ఉపన్యాసాన్ని, ఎంత చక్కగా తీసినా సరే, తర్వాత ముక్కలుగా నరికితే విద్యార్థి అంతగా చూడడం లేదు. మొదటి నుంచీ చిన్న పాఠంగా ఆలోచించి తీసినదాన్నే చూస్తున్నాడు. మన భాషలో చెప్పాలంటే, తాకా కోసి చీర అనకండి, చీరగానే నేయండి.

అదే పరిశోధనలో మరొకటి. ఉపన్యాసం లాంటి వీడియోను జనం ఒక్కసారి చూస్తారు. ‘ఇలా చెయ్యాలి’ అని చేసి చూపించే వీడియోను వెనక్కీ ముందుకీ జరుపుతూ, కావలసిన చోటు వెతుక్కుంటూ మళ్లీ మళ్లీ చూస్తారు. కుట్టు, వంట, సాంచ మరమ్మతు నేర్పేవాళ్లకు ఇది బంగారం లాంటి మాట. మీ వీడియోను ఎవరూ మొదటి నుంచి చివరి దాకా చూడరు. చేతిలో పని ఆగిపోయినప్పుడు, ఆగిన చోటుకే వస్తారు.

నలభై ఏళ్ల కిందటి తెలుగు తెలివి

పాఠాన్ని ముందే చిన్న ముక్కలుగా కట్టడం సిలికాన్ వ్యాలీలో పుట్టిన జ్ఞానం అనుకోవడం మనకు అలవాటు. కానీ దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పుట్టింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై తర్వాత డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ పేరు పెట్టుకున్నది అదే. తొలి వైస్ చాన్సలర్ జి.రాంరెడ్డి, 1985లో జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో పుట్టినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ చాన్సలర్. అప్పట్లో బడి చదువు పూర్తికాని వాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేవాళ్లు.

పగలంతా పనిచేసి రాత్రి లాంతరు దగ్గర చదివే మనిషి కోసం రాసినవి ఆ విశ్వవిద్యాలయం పుస్తకాలు. దూరవిద్య పుస్తకం తీరే వేరు. కోర్సు బ్లాకులుగా, బ్లాకు యూనిట్లుగా ఉంటుంది. యూనిట్ మొదట్లోనే ‘ఇది చదివాక మీరు ఏం చెప్పగలరు, ఏం చేయగలరు’ అన్న జాబితా. రెండు మూడు పేజీలకోసారి ప్రశ్న, రాసుకోవడానికి ఖాళీ జాగా, వెనక మాదిరి జవాబు. పక్కన మాస్టారు ఉండడు కాబట్టి పుస్తకమే ఆగి, ‘అర్థమైందా’ అని అడగాలి. బ్లాకు అన్నచోట మాడ్యూల్ అనండి, యూనిట్ అన్నచోట వీడియో పాఠం అనండి, మంచి ఆన్‌లైన్ కోర్సు ముసాయిదా మీ చేతిలో ఉన్నట్టే. ఇవాళ వీడియో వచ్చింది. ఆగి అడగడం పోయింది.

నేనూ ఒకసారి డబ్బు కట్టి ఒక కోర్సులో చేరాను. పేరు అనవసరం. మొదటి మాడ్యూల్ పేరు ‘పరిచయం’. అందులో ఎనిమిది వీడియోలు. కోర్సు ఎందుకు గొప్పదో, మాస్టారు ఎంత కష్టపడి పైకొచ్చారో, ఆ విద్యకు ఎంత భవిష్యత్తు ఉందో అన్నీ ఉన్నాయి. చెయ్యి కదపాల్సిన పాఠం రెండో మాడ్యూల్‌లో ఉందట. నేను అక్కడిదాకా వెళ్లలేదు.

ముందు ఆఖరి పాఠం

సూరత్‌లో ఉండే ఒక తెలుగు దర్జీ అక్క జాకెట్టు కుట్టు కోర్సు పెట్టాలనుకుంది అనుకుందాం. కాగితం తీసుకుని ఆమె మొదట రాయాల్సింది మొదటి పాఠం పేరు కాదు. కోర్సు అయిపోయిన రోజున నేర్చుకున్న మనిషి చేతిలో ఏముండాలో అది రాయాలి. ‘జాకెట్టు కుట్టడం వస్తుంది’ అంటే చాలదు. ఎవరి జాకెట్టు? ఏ బట్ట? ‘పక్కింటి వదిన ఇచ్చిన ఆది జాకెట్టు చూసి, సూరత్ చీరలో వచ్చిన 80 సెంటీమీటర్ల ముక్కతో, లైనింగ్ వేసి కుట్టి ఇచ్చి, డబ్బు తీసుకోవాలి.’ ఇదీ ఆఖరి పాఠం. మిగతావన్నీ దీని దగ్గరికి తెచ్చే మెట్లు. ఇలా చివరి నుంచి వెనక్కి వచ్చే పద్ధతికి గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై అనే అమెరికన్ విద్యావేత్తలు 1998లో ఒక పుస్తకమే రాశారు. దర్జీకి ఆ పుస్తకం అక్కర్లేదు. ఆది జాకెట్టు చూడకుండా ఏ దర్జీ బట్ట కోయదు.

మొదటి మాడ్యూల్ పేరు ‘ఆది జాకెట్టు’. అందులో మిషన్ లేదు, బట్ట కూడా లేదు. ఇంట్లో సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి, పాత పేపరు, టేపు, పెన్సిల్. పొడవు, భుజం, ఛాతీ, నడుము, చంక లోతు, ముందు మెడ, వెనక మెడ, చెయ్యి పొడవు, చెయ్యి లూజు. ఒక్కో కొలతకు ఒక్కో చిన్న పాఠం. మాడ్యూల్ అయ్యేసరికి పేపర్ కటింగ్ ఒకటి చేతిలో ఉంటుంది. ఇది తప్పినా పోయేది నిన్నటి పేపరు.

రెండోది పాత కాటన్ చీర ముక్కతో సాదా జాకెట్టు, లైనింగ్ లేకుండా. టక్కులు, భుజాలు కలపడం, మెడ పట్టీ, కాజా పట్టీ, హుక్కులు. మూడోది నా లెక్కన అన్నిటికంటే ముఖ్యమైనది, కోర్సుల్లో అన్నిటికంటే అరుదైనది: దిద్దుబాటు. వేసుకున్నాక చంక దగ్గర ముడతలు వస్తున్నాయి, వెనక మెడ జారుతోంది, చెయ్యి పైకెత్తితే జాకెట్టంతా లేస్తోంది. ఒక్కో జబ్బుకు ఒక్కో వీడియో. ఏ కుట్టు విప్పాలో, ఎంత లోపలికి పట్టాలో చూపించాలి. “అక్కా, చంక కాడ ముడతలొస్తున్నయ్, ఏ వీడియోల చెప్పిన్రు?” అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టే చెల్లెకు ‘మాడ్యూల్ 3, పాఠం 2’ అని జవాబివ్వగలిగితే ఆ కోర్సు కుదురుగా ఉన్నట్టు.

నాలుగో మాడ్యూల్‌కు వచ్చేదాకా సూరత్ ముక్క ముట్టుకోవద్దు. సింథటిక్ బట్ట కత్తెర కింద జారుతుంది, అంచున పోగులు ఊడతాయి, ఇస్త్రీ పెట్టె కాస్త వేడెక్కితే ముడుచుకుపోతుంది. కాటన్‌కు వాడే 16 నంబరు సూది దీనికి మోటు, పలచటి బట్టకు 11 నంబరు కావాలి. లైనింగ్‌ను పైబట్టకు కలిపి కచ్చా కుట్టు వేయడం ఒక్కటే రెండు పాఠాలు అడుగుతుంది. అయిదోది గిరాకీ: కొలతలు రాసుకునే పుస్తకం, ధర, ఇచ్చే తేదీ, దిద్ది ఇమ్మన్నప్పుడు మాట్లాడే మాట. చిన్న మాడ్యూలే.

మరి మిషన్‌కు నూనె ఎక్కడ వేయాలి, బాబిన్ ఎలా చుట్టాలి, దారం తెగుతుంటే ఏం చేయాలి? వీటిని వరుసలో పెట్టొద్దు. పక్కన ఒక అరలో పెట్టి, అవసరం పడ్డ పాఠం దగ్గర ‘ఇది చూసి రండి’ అని చెబితే చాలు. తెలిసినవాళ్లను తెలియనివాళ్ల కోసం కూర్చోబెట్టడం కన్నా విసుగు ఇంకోటి లేదు.

మొత్తం అయిదు మాడ్యూళ్లు, పాతిక పాఠాలు. పాఠం సగటున ఆరు నిమిషాలనుకుంటే రెండున్నర గంటలు. అది చూడటానికి పట్టే వేళ. కుట్టడానికి నెల పడుతుంది. సగటు అన్నాను గుర్తుంచుకోండి. చంకకు చెయ్యి కలిపే పాఠం పన్నెండు నిమిషాలు పడితే పట్టనివ్వాలి. ఆ వంపు దగ్గర బట్టను వేళ్లతో ఎలా తిప్పుతున్నారో ఒక్క కోత లేకుండా చూపించాలి. పక్క కుట్టు మాత్రం రెండు అంగుళాలు చూపించి వదిలేయొచ్చు. అది అందరికీ వస్తుంది.

గోడ మీద కాగితం

స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో కోర్సులకు నాలుగు భాగాలు ఉండాలని నియమం: వీడియో, దించుకుని చదువుకునే పాఠ్యం, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాలు తీర్చుకునే వేదిక. సొంతంగా కోర్సులు పెట్టేవాళ్లు వీడియో ఒక్కటే చేసి మిగతా మూడూ వదిలేస్తారు. కుట్టు కోర్సులో కొలతల పట్టిక ఒక పేజీ ఉంటే అది మిషన్ ఎదుట గోడకు అంటుకుంటుంది. ఫోను షిఫ్టుకు వెళ్లిపోయినా కాగితం ఇంట్లోనే ఉంటుంది.

పరీక్ష అంటే నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం కానక్కర్లేదు. కుట్టిన జాకెట్టు వేసుకుని, రెండు చేతులూ పైకెత్తి అద్దంలో చూసుకొమ్మంటే అంతకన్నా నిక్కచ్చి పరీక్ష లేదు. ఇక్కడ ఎన్‌పీటెల్ నుంచి ఒక విషయం నేర్చుకోవచ్చు. 2014లో మొదలుపెట్టిన సర్టిఫికెట్ కోర్సులను అది నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలుగా కడుతోంది. వారం అంటేనే మాడ్యూల్. పన్నెండు వారాల కోర్సులో పన్నెండు అసైన్‌మెంట్లు ఇచ్చినా బాగా చేసిన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకుంటుంది. నాలుగు వారాలు జ్వరానికో, పెళ్లికో, రాత్రి షిఫ్టుకో పోయినా మనిషి కోర్సు నుంచి జారిపోడు. కోర్సు కట్టేటప్పుడే మనిషి బతుకును లెక్కలో వేసుకోవడం అంటే ఇదే.

చిన్న చిన్న సంగతులు కొన్ని. ‘గత పాఠంలో చెప్పినట్టు’ అనకండి. రేపు ఆ గత పాఠాన్ని మార్చాల్సి వస్తే ఈ పాఠం కూడా మళ్లీ తీయాలి. దారం రీలు ధర వీడియోలో చెప్పొద్దు, కాగితంలో రాయండి. ఫైళ్లకు 1, 2, 3 అని కాక 01, 02, 03 అని పేరు పెట్టండి. లేకపోతే చాలా ఫోన్లలో ఒకటి తర్వాత పది వచ్చి కూర్చుంటుంది. కెమెరా ఎదుట కూర్చుని ముఖం చూపించకండి, ఫోనును పైనుంచి చేతుల మీదికి వేలాడదీయండి. కుట్టేవాళ్ల వైపు నుంచే చూపించండి, ఎదుటివైపు నుంచి చూపిస్తే కుడి ఎడమ తారుమారవుతాయి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే ఓర్చుకోరు. లింబాయత్‌లో పక్క వీధి సాంచల మోత కిటికీ మూసినా వస్తుంది. దుప్పటి కింద ఫోను పెట్టుకుని మాటను విడిగా రికార్డు చేసి తర్వాత కలిపినా నష్టం లేదు.

ఇక కోర్సు పెట్టబోయే అక్కలకు ఒక మనవి. 80 సెంటీమీటర్ల ముక్కలో పెద్ద కొలతల వాళ్లకు మోచేతి దాకా చేతులు రావడం కష్టం. ఆ మాట బట్ట కోసే నాలుగో మాడ్యూల్ దాకా దాచకండి. మొదటి పాఠంలోనే చెప్పండి.